అజొల్లా దొంగ

ముప్ఫై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషాయన. ఏడాది దాటినా వీధంతా ఇంకా కండక్టరనే పిలుస్తుంది. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి మొహం చూసి పట్టేస్తానని ఆయనకో గొప్ప. అలాంటి మనిషి పెరట్లోనే రోజూ ఎవరో దొంగతనం చేసి పోతున్నారంటే ఒళ్ళు మండదూ?

పోయేది బంగారం కాదు, వెండీ కాదు. అజొల్లా. చూడటానికి నాచులా ఉంటుంది గానీ నాచు కాదు. నీటి మీద తేలుతూ చాపలా అల్లుకునే బుల్లి బుల్లి ఆకుల మొక్క. కండక్టరు భార్య పెరట్లో ఇటుకలు పేర్చి, ప్లాస్టిక్ పట్టా పరిచి, జానెడు లోతు నీళ్ళు నిలిపి, రెండు తొట్లలో దాన్ని పెంచుతోంది. పొద్దున్నే జల్లెడతో దేవి, వాసన పోయేలా మూడు నీళ్ళు పోసి కడిగి, ఆవుకి తవుడులో కలిపి పెడుతుంది. కోళ్ళకి ఊరికే విసిరినా ఎగబడి తింటాయి. అది మొదలుపెట్టాక దాణా బస్తాలు సగానికి సగం తగ్గాయి, గుడ్డు కొడితే సొన నిండు పసుపు. కండక్టరుకి ఇవన్నీ వినికిడే. ఆవిడ తొట్ల దగ్గర ఉండే వేళకి ఆయన ముసుగుతన్ని పడుకుని ఉండేవాడు.

ఆ తొట్ల దగ్గరే ఆవిడ కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే బండిలో నొప్పికి మెలికలు తిరిగిపోతూ కూడా, మొగుడి చెయ్యి పట్టుకుని ఆవిడ అన్నది ఒకే ఒక్క మాట.

"నా అజొల్లా జాగ్రత్తండీ."

జాగ్రత్త అంటే? కండక్టరు దృష్టిలో జాగ్రత్త అంటే ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయడం. ఆవిడ తిరిగొచ్చేసరికి రెండు తొట్లూ నిండుగా అప్పగించాలి, ఒక్క ఆకు తగ్గకూడదు. అందుకని తనూ ముట్టుకోలేదు. ఆవుకీ కోళ్ళకీ దుకాణంలో దాణా తెచ్చి పోశాడు. ఇంటివైపు తొట్టి మీద పాత దోమతెర కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. గోడవైపు దానికి తెర చాలలేదు. దొంగ చెయ్యి పడింది సరిగ్గా దాని మీదే.

రోజూ ఈయన లేచి వచ్చేసరికి పచ్చటి చాప మధ్యలో పళ్ళెమంత ఖాళీ. ఎవరో ఏమిటి, వెనకింటి బాతులావిడే! ఆమె బాతులు ఈ మధ్య మరీ నిగనిగలాడుతున్నాయి. నాలుగేళ్ళ కిందట ఈ ఇంటి కోళ్ళు గోడ దూకి ఆమె తోటకూర మడిని గీకి పారేశాయి. ఆ రోజు రెండిళ్ళ ఆడవాళ్ళూ మాటా మాటా అనుకుని పలకరింపులు మానేశారు. వీధిలో ఎదురుపడినా మొహాలు తిప్పుకోవడమే.

దోచుకుని ఊరుకున్నా బాగుండేది. ఆరో రోజున ఆ తొట్టిలో పేడ! ఈయన ఆవు పేడే తీసి, నీళ్ళలో కలిపి గుమ్మరించి పోయింది. పన్నెండో రోజున మళ్ళీ అంతే. కండక్టరు గోడ వైపు తిరిగి అందుకున్నాడు.

"ఓసి నీ దుంపతెగ! తీసుకుపోయింది చాలక పేడ కూడా కొడతావా? నీ చేతులు పడిపోను! మా ఆవిడ మంచాన పడి ఉందని కూడా లేదా? మనిషి జన్మేనా నీది?"

గోడ అవతల బాతులు గోల చేశాయి. మనిషి మాత్రం పలకలేదు.

ఇంట్లో సంగతి ఇలా ఉంటే ఆస్పత్రిలో అంతకన్నా అధ్వాన్నంగా ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లూ మానాయి. కానీ ఆవిడ లేవనంటోంది. మొదటిసారి నిలబెట్టినప్పుడు నొప్పికి కేక పెట్టి నర్సమ్మ మీద వాలిపోయింది. ఆ భయం అలాగే పట్టుకుంది. ఇప్పుడు నడవకపోతే కాలు పట్టు తప్పుతుందనీ, తర్వాత నడవాలన్నా నడవలేదనీ డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. నర్సమ్మ బతిమాలింది, కసిరింది. ఊహూ.

"ఎందుకమ్మా లేవడం? నేను లేకపోయినా అన్నీ జరిగిపోతున్నాయిగా," అని గోడవైపు తిరిగి పడుకునేది.

ఆ మాట విన్నప్పుడల్లా కండక్టరుకి ఒకటే బెంగ. ఈవిడ లేవకపోతే ఆ ఇంట్లో తనేం చేస్తాడు? పద్నాలుగో రోజున, కాస్త మనసు మళ్ళిద్దామని, స్టూలు మంచం దగ్గరికి లాక్కుని ఆ దొంగ సంగతంతా వెళ్ళగక్కాడు.

"పేడా?" ఆవిడ తల ఇటు తిప్పింది. "ఎన్నాళ్ళకోసారి?"

"ఆరు రోజులకోసారి. టైము తప్పదు మహాతల్లి!"

"పలచగా కలుపుతోందా, ముద్దలు ముద్దలుగా వేస్తోందా?"

"పలచగానే. అయినా ఇదేం ప్రశ్నే?"

"మరి రెండో తొట్టి?"

"దాని జోలికి ఎవర్నైనా పోనిస్తానా? తెర కప్పి మరీ కాస్తున్నాను. ఇవాళ్టి దాకా ఒక్క ఆకు పోతే ఒట్టు! చక్కగా ఎర్రగా పండింది కూడాను."

ఆవిడ ఠపీమని నుదురు కొట్టుకుంది.

"అయ్యో నా ఖర్మ! అది పండటం కాదండీ, చావడం! అజొల్లాని రోజూ తియ్యాలి. తీస్తేనే పెరుగుతుంది. తియ్యకపోతే ఒకదాని మీద ఒకటెక్కి కుళ్ళిపోతుంది. వారానికోసారి పేడనీళ్ళు పోస్తాం, అదే దాని తిండి. ఆవిడ నా తొట్టిని బతికిస్తుంటే మీరు తిట్టిపోస్తున్నారా మహానుభావా!"

కండక్టరు ఇంటికి ఎలా వచ్చి పడ్డాడో ఆయనకే తెలీదు. దోమతెర లాగి చూశాడు. తన కాపలాలో ఉన్న తొట్టి పైన ఎర్రబారి, అడుగున నల్లగా కుళ్ళి కంపు కొడుతోంది. దొంగ చేతిలో పడ్డది పచ్చగా నవనవలాడుతోంది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఇంత సిగ్గుపడింది లేదు. అదే నడకన వెనకింటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన బాతులావిడ ఈయన్ని చూసి కొయ్యబారిపోయింది.

"తప్పయిపోయింది అన్నయ్యగారూ. మొదటి రోజు బాతుల కోసమే తీశాను, అబద్ధమాడను. మర్నాడు చూస్తే మీరు ముట్టుకున్న జాడే లేదు. వదిన రోజూ దేవడం గోడ మీంచి చూస్తూనే ఉండేదాన్ని. వదిలేస్తే పోతుందని తెలుసు. చెబుదామంటే మాటల్లేవాయె. రెండోది కూడా దేవుదును గానీ మీరు తెర కట్టేశారు."

"మరి నేను అన్నేసి తిట్లు తిడుతుంటే ఒక్కసారైనా పలకవేమమ్మా?"

"పలికితే దానిక్కూడా తెర కట్టేద్దురు. తిట్లదేముంది, దులుపుకుంటే పోతాయి. పాపం, వదిన దాన్ని పసిపిల్లలా పెంచుకుంది."

కండక్టరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు.

"నీ రుణం ఎలా తీర్చుకోనమ్మా! ఇంకొక్క ఉపకారం చేసిపెట్టు. అది మంచం దిగనంటోంది. ఒక్కసారొచ్చి చూడు."

మర్నాడు పొద్దున బాతులావిడ మూతున్న స్టీలు డబ్బా పట్టుకుని వార్డులోకి వచ్చింది. ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. కండక్టరు స్టూలు పక్కకి జరిపాడు. బాతులావిడే డబ్బా మూత తీసింది.

"రెండో తొట్టిది వదినా. ఇందులో బతికున్నదేదో, పోయిందేదో నాకు తెలీడం లేదు. ఉన్నదాన్ని ఏరి వేరే నీళ్ళలో వేస్తే మళ్ళీ పెంచుకోవచ్చుగా?"

ఆవిడ మోచేతి మీద లేచి, డబ్బాలో వేలు పెట్టి ఓ ఆకుని తిరగేసింది. కళ్ళు చికిలించింది.

"వేళ్ళు అతుక్కుని ఉన్నాయో, రాలిపోతున్నాయో చూడాలి. ఈ గుడ్డి లైటులో ఏం కనిపిస్తాయి నా మొహం!"

"ఇలా తే, నేను కిటికీ దగ్గర చూసి చెబుతా," అన్నాడు కండక్టరు.

"మీరా! మీరు చూసిన సంబడం చాల్లెండి. ఏదీ, చెయ్యివ్వు," అంది ఆవిడ బాతులావిడతో.

నర్సమ్మ చటుక్కున, పట్టుకుని నడిచే చక్రాల స్టాండు ముందుకు తోసింది. ఆవిడ కాలు కిందపెట్టింది, "అమ్మో" అంది, పళ్ళు బిగించి నిలబడింది. ఒక అడుగు. ఇంకో అడుగు. ఒక చెయ్యి స్టాండు మీద, ఒక చెయ్యి బాతులావిడ భుజం మీద. మధ్యలో ఆగి బాతులావిడ మీద కసురుకుంది కూడా, "డబ్బా వంచకు, నీళ్ళు పోతాయి!" అని. ఏడు అడుగులు వేసి కిటికీ గట్టు పట్టుకుంది. ఆకుని ఎండలోకెత్తి చూసింది.

"ఉంది! సగానికి సగం ప్రాణంతోనే ఉంది!"

అప్పుడు వెనక్కి తిరిగి తన మంచం ఎంత దూరంలో ఉందో చూసుకుంది. ఖాళీ మంచం పక్కన కండక్టరు కండువాతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఏడుపాపి నాలుగు ఇటుకలు చూడండి," అంది ఆవిడ, బాతులావిడ భుజం వదలకుండానే. "ఇంకో తొట్టి కట్టాలి. గోడకి అవతల."