కిందికి వంగిన గొట్టం

ఆరిన్ ట్వైట్ కారు దిగేసరికే విమానం ఇంజిన్ తిరుగుతోంది. అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి సొంత చేతులతో కట్టుకున్న విమానం అది. ఇవాళే మొదటిసారి గాల్లోకి లేవాలి. చక్రాలకు అడ్డచెక్కలు పెట్టి, నూనె వేడెక్కేదాకా ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి, తమ్ముడు లేలండ్ పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాడు. మినెసోటా జనవరి చలి ముక్కు కొరికేస్తోంది.

“ఆపరా దాన్ని!”

“వచ్చావా! ఇవాళేం వంక తెచ్చావు?”

“నువ్వు పెట్టిన ఫోటో చూశా. రెండు ఇగ్నిషన్ పెట్టెలకీ ఒకటే గొట్టమా? అదీ పొందిగ్గా ఉంటుందని కిందికి వంచి కట్టావు. చెమ్మంతా ఆ వంపులోనే చేరుతుందిరా, గడ్డకడుతుంది!”

“నిన్న హ్యాంగర్ షెడ్డులో తిప్పాగా, భేషుగ్గా తిరిగింది.”

“హ్యాంగర్‌లో హీటరుంది, వెధవా!”

ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి ఎంతో పెట్టెలకు చెప్పేది ఆ సన్నటి రబ్బరు గొట్టమే. దాన్నిబట్టే అవి నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో తేల్చుకుంటాయి. ఇప్పుడు మంచు అడ్డుపడితే, ఇంజిన్ ఇంకా నెమ్మదిగానే తిరుగుతోందని అవి నమ్ముతాయి. లేలండ్ పూర్తి బలం ఇవ్వగానే రవ్వ ముందే పడి, మైదానం చివరున్న పైన్ చెట్ల మీదికి వెళ్లేసరికి పిస్టన్లు బద్దలవుతాయి. తమ్ముడు చచ్చిపోతాడు. కానీ ఏవో చిన్నచిన్న లోపాలు పట్టుకుని ఈ ప్రయాణాన్ని ఇప్పటికే మూడుసార్లు ఆపించిన ఘనుడు ఆరినే. ఇక అతని మాటకు విలువేముంది?

స్విచ్ ఆపడానికి ఆరిన్ రెక్క ఎక్కబోయాడు. లేలండ్ అతని కాలర్ పట్టి కిందికి లాగాడు. ఆరిన్ మోచేత్తో అతని మూతి పగలగొట్టాడు.

“కుళ్లుబోతు! నేను ముందు ఎగరడం నీకిష్టం లేదు, అంతే!”

లేలండ్ గుద్దులకు ఆరిన్ ముక్కు చితికింది. మంచులో పడినవాణ్ణి బూటుతో డొక్కలో తన్ని, లేలండ్ అడ్డచెక్కలు పీకేసి లోపలికి ఎక్కాడు. విమానం కదిలింది.

ఆరిన్ లేచాడు. విమానాన్ని లాగే ఇనప కడ్డీ పక్కనుంటే తీసుకుని, ఎదురుగా పరిగెత్తి, తిరుగుతున్న చెక్క ప్రొపెల్లర్‌లోకి విసిరాడు.

తుపాకీ పేలినట్టయింది. ప్రొపెల్లర్ ముక్కలైంది, ఇంజిన్ మీది కప్పు నిలువునా చీలింది, జానెడు చెక్క ఆరిన్ మోచేతిలో దిగబడింది. రక్తం చిమ్మింది.

లేలండ్ దూకి వచ్చాడు. కట్టడానికి ఏమీ దొరకలేదు. చీలిన కప్పులో చెయ్యి పెట్టి, అందిన సన్నటి రబ్బరు గొట్టాన్ని తెంపుకొచ్చి, అన్న జబ్బకు చుట్టి లాగాడు. గొట్టంలో ఏదో పటపటా విరిగింది. దాని కొసలోంచి మంచు పలుకులు రక్తంలో రాలాయి.

లేలండ్ వాటివంకే చూశాడు.

“కట్టరా, చూస్తావేం,” అన్నాడు ఆరిన్.

లేలండ్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, తనను తాను బూతులు తిట్టుకుంటూ, ముడి బిగించాడు. “చావకు అన్నయ్యా,” అన్నాడు. “నీకు దణ్ణం పెడతా, చావకు.”