పసుపు గీత లేని బోల్టు

టైర్లలో గాలి చూడాలి. చైను బిగువు చూడాలి. ఇంజన్ కింద గుడ్డ పెట్టి తుడిచి, ఆయిల్ కారడం లేదని రూఢి చేసుకోవాలి. హెల్మెట్ పట్టీ లాగి చూసుకోవాలి. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు గీత ఉందో లేదో వంగి కళ్ళారా చూడాలి. మా వర్క్‌షాపులో రేసు బండిని రోడ్డెక్కించే ముందు నేను చేయాల్సిన పనులివి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకేనేమో ఓనరు ఈ పని నాకప్పగించాడు.

గీతలు గీసేది మా బావ, అంటే అక్క భర్త. బ్రేకుల పని ఆయనదే. బోల్టును ముందు వేళ్ళతో ఎక్కిస్తాడు. తర్వాత రెంచితో పూర్తిగా బిగించి, దాని తల మీంచి పెయింట్ పెన్నుతో ఒక గీత లాగుతాడు. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. ఓనరు పెట్టిన రూలు ఇంకొకటుంది. బ్రేకు బిగించినవాడు, ఆ బండిని మొదటిసారి తోలి చూసేటప్పుడు వెనక సీట్లో కూర్చోవాల్సిందే.

ఆ ఉదయం వెనక చక్రానికి గీతలు పెట్టడం అవుతుండగానే బావ పెన్ను ఎండిపోయింది. నేను కొత్తది తెచ్చిచ్చాను. ఆయన ముందు బ్రేకు బోల్టులు వేళ్ళతో ఎక్కిస్తుండగా అక్క ఫోన్ చేసింది.

"ఇద్దరూ ఒకే బండెక్కుతారంటగా? జరగరానిది జరిగితే నేనెవరి మొహం చూసి బతకాలి?" స్పీకర్లోంచి అక్క గొంతు షెడ్డంతా వినిపించింది.

"నీ తమ్ముడు తోలితే సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోతాయే. ఏం కాదులే."

"ఎగతాళి కాదు. నాకు నిజంగానే గుబులుగా ఉంది."

"సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి తిడుదువుగాని, పెట్టేయ్."

పెన్ను జేబులో వేసుకుని లేచాడు బావ.

"గీతలు పెట్టేశావా బావా?"

"పెట్టేశాన్రా డిగ్రీ, ఎక్కు."

ఆయన మనసులో ఉన్నవి వెనక చక్రం గీతలు. నేను వంగి చూడలేదు.

ఊరి బయట ఇంకా తెరవని కొత్త రోడ్డు మీద, అనుమతి తీసుకుని, మేం బండ్లు పరీక్షిస్తాం. తిన్నగా సాగి చివర సిమెంటు దిమ్మల దగ్గర ఆగిపోయే రోడ్డది. ఆ బండి మీద కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, బోర్లా పడుకోవడం. ఛాతీ ట్యాంకుకి ఆనుతుంది, బరువంతా మణికట్ల మీద పడుతుంది, ఇంజన్ వేడి తొడల్లోకి ఎక్కుతుంది. యాక్సిలరేటర్ చిటికెడు తిప్పాను. ఒళ్ళు వెనక్కి, బండి ముందుకి. ఇంకాస్త తిప్పేసరికి గాలి గోడలా అడ్డం నిలబడి హెల్మెట్‌ను తల మీంచి ఊడబెరకబోయింది. పక్క చెట్లు చెట్లుగా లేవు, పచ్చగా కారిపోతున్నాయి. ఇన్నాళ్ళుగా తోలుతున్నా నా నోరు ఎండిపోయింది. ఈ బండ్ల మీద భయం పోదు, పోయిందన్నవాణ్ణి నేను నమ్మను.

అప్పుడు నా నడుం పట్టుకున్న చేతుల్లో ఒకటి వదిలింది.

పడిపోతున్నాడనుకున్నాను. మరుక్షణం ఆ చెయ్యి గాలికి కొట్టుకుంటూ నా కళ్ళ ముందుకొచ్చింది. పిడికిట్లో పెయింట్ పెన్ను. కొత్తది. దాని ప్లాస్టిక్ కవరు చింపనేలేదు.

అర్థమైంది. ముందు బ్రేకు వేళ్ళ బిగువు మీదే ఉంది. నెమ్మదిగా పోయినంతసేపూ అది ఊరుకుని ఉంటుంది. ఈ అదురుకి బోల్టులు వదులై ఉంటాయి. గట్టిగా బ్రేకు పట్టానంటే మొత్తం ఊడి చక్రంలో ఇరుక్కుంటుంది.

దూరంగా దిమ్మలు తెల్లగా కనిపించాయి.

అలవాటు కొద్దీ కుడిచేతి వేళ్ళు ముందు బ్రేకు మీదికి పోయాయి. ఆ వేళ్ళను నేనే బలవంతంగా ముడుచుకున్నాను. యాక్సిలరేటర్ మెల్లగా వదిలాను. ఒక్కో గేరూ తగ్గించాను. ప్రతిసారీ ఇంజన్ అరిచింది, బావ బరువంతా నా వీపు మీదికొచ్చింది. కాలికింది బ్రేకు తొక్కీ తొక్కనట్టు తొక్కాను. వెనక చక్రం పక్కకి జారింది, మళ్ళీ దారికొచ్చింది. దిమ్మలు పెద్దవయ్యాయి. అక్క మొహం గుర్తొచ్చింది. దిమ్మల మీద ఎవరో బొగ్గుతో రాసిన అంకెలు చదవగలిగేంత దగ్గరికొచ్చాక బండి ఆగింది.

బావ చక్రం దగ్గర చతికిలబడ్డాడు. పై బోల్టు లేదు, ఖాళీ కన్నం మిగిలింది. కింది బోల్టు ఆయన వేలు తగలగానే తిరిగింది.

ఆయన రెండో చేతిలో ఆ పెన్ను అలాగే ఉంది.

"జేబుకి మోచెయ్యి ఆనితే కవరు గరుగ్గా తగిలిందిరా," అన్నాడు. "బామ్మర్దీ, సైకిళ్ళ మాట ఇంకెప్పుడూ అనను."

"అక్కకి చెప్పొద్దులే బావా."

"నేనే చెప్తా. తిట్టించుకోవాలిగా."

బండిని తోసుకుంటూ తిరిగొచ్చాం. ఆ సాయంత్రం అక్క తిట్టలేదు. ఇద్దరి చేతులూ పట్టుకుని కూర్చుంది, అంతే.

మీరెప్పుడైనా అలాంటి బండి ఎక్కబోతుంటే, ఎవర్నీ అడక్కండి, వంగి చూడండి. ముందు చక్రం దగ్గర బోల్టు మీద సన్నటి పసుపు గీత కనిపిస్తే మా బావను ఒక్కసారి తలుచుకోండి. అంత వేగంలో, పట్టుకోవడానికి నా నడుం తప్ప ఇంకేమీ లేని చోట, నా కోసం ఒక చెయ్యి వదిలిన మనిషాయన.