చల్లగా ఉంచండి

సీసాను ఊపి కిటికీ గట్టు మీద పెట్టగానే, మందులోంచి తెల్లటి తునకలు విడివిడిగా అడుగుకు దిగిపోవడం నర్సు చూసింది.

ఇంకో సీసా ఊపింది. అదే. పక్క పెట్టెలోంచి మరొకటి తీసింది. అదీ అంతే.

కోరింత దగ్గు రాకుండా పసిపిల్లలకు వేసే మందు అది. మంచిదైతే ఊపినప్పుడు పలచటి పాలలా ఒకే తీరుగా ఉంటుంది. ఒక్కసారి గడ్డకట్టి కరిగిందంటే ఇలా విరిగిపోతుంది. వాసన మారదు, రంగు మారదు. పిల్లకు సూది నొప్పి మాత్రం మిగులుతుంది.

పోయిన వారం కోరింత దగ్గుతో ఒక పాప చనిపోయింది. వేళ తప్పకుండా సూదులన్నీ వేయించుకున్న పాప. ఈ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే అటెండరు మనవరాలు. అందుకే నర్సు అనుమానంతో సీసాలు బయటికి తీసింది. ఇప్పుడు వరండాలో ఇంకో తల్లి, దగ్గి దగ్గి సోలిపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని కూర్చుంది.

ఫోన్ చేస్తే ఫౌండేషన్ మేడం మధ్యాహ్నానికల్లా మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. మందులుంచే ఈ ఫ్రిజ్, గోడల రంగు, తల్లులు కూర్చునే బెంచీలు, నర్సు జీతంలో సగం, అన్నీ ఆ ఫౌండేషన్ ఇచ్చినవే. ఫ్రిజ్ రాకముందు సూది వేయించాలంటే బస్సెక్కి పోవాలి. సగం మంది పోయేవారు కాదు.

"మెషీన్‌కి జలుబు కూడా లేదు మేడం," అన్నాడు మెకానిక్ మోకాళ్ళు దులుపుకుంటూ. "ఎవరో చల్లదనం పెంచే మీట చివరిదాకా తిప్పారు. ఇదిగో, వెనక మంచు ఇంకా అంటుకునే ఉంది."

"నేను రోజూ చూస్తాను," అంది నర్సు. "రాగానే చూస్తాను, పోయేముందు చూస్తాను. మీట ముల్లు ఉండాల్సిన చోటే ఉంటుంది."

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అడిగింది మేడం.

"ఒకటి నా దగ్గర. ఒకటి బాబాయ్ దగ్గర."

బాబాయ్ అంటే అటెండరే. గుమ్మంలోనే జబ్బేదో చెప్పేస్తాడని వాడలో అందరూ ఆయన్ను పెద్ద డాక్టరు అంటారు. పాప పోయిన మర్నాడే పనిలోకి వచ్చేశాడు. ఇంట్లో ఉయ్యాల చూడలేకపోతున్నానన్నాడు. ఇప్పుడు టీ పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చాడు.

మెకానిక్‌కు ఆ పిలుపు తెలుసు, పాప సంగతి తెలియదు. ఒక గుక్క తాగి నవ్వాడు. "ఏంటి పెద్ద డాక్టరు గారూ, చక్కెర వేయలేదు, మాకూ పథ్యమేనా?"

"మరిచిపోయాను బాబూ," అన్నాడాయన.

మేడం నర్సు వైపు తిరిగి గొంతు తగ్గించింది. "చూడమ్మా, ఆ పెద్దాయన ఉన్న పరిస్థితిలో ఆయన్ని అడగలేను. నువ్వే ఎప్పుడో తిప్పి మరిచిపోయి ఉంటావు. పైవాళ్ళకు నేనేదో ఒకటి చెప్పాలిగా."

"నేనే అని చెప్పండి మేడం. కావాలంటే ఉద్యోగం తీసేయండి. కానీ ఎప్పటినుంచి గడ్డకడుతోందో నాకు తెలియాలి. అందరికీ మళ్ళీ వేసేంత మందు మీరు ఇప్పటికిప్పుడు తేలేరు. ఎవరికి పాడైన మందు పడిందో తెలిస్తే ముందు వాళ్ళని పిలుస్తాను. తెలియకపోతే ఎవర్ని పిలవాలి, ఎవర్ని వదిలేయాలి?"

వరండాలో పిల్లాడు మళ్ళీ దగ్గాడు. దగ్గు ఆగాక ఊపిరి లోపలికి లాగేటప్పుడు పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నటి కూత. ఆ కూత విని ముసలాయన నర్సు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు. "మరీ చల్లబడినా పాడవుతుందా?"

"అవుతుంది బాబాయ్. ఈ మందుకి వేడి కన్నా మంచే పెద్ద శత్రువు."

ఆయన ఫ్రిజ్ తలుపు వైపు చూశాడు. ఫౌండేషన్ వాళ్ళు అంటించిన కాగితం మీద సూర్యుడి బొమ్మ, దాన్ని కొట్టేస్తూ ఎర్రగీత. కింద పెద్ద అక్షరాలతో 'చల్లగా ఉంచండి'. అంతకు మించి ఏమీ లేదు.

పళ్ళెం బల్ల మీద పెట్టి, మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

"నేనే తిప్పానమ్మా. ఫ్రిజ్ ఇచ్చిన రోజు మేడంగారు నా భుజం తట్టి, 'పెద్ద డాక్టరు గారూ, చల్లగా చూసుకోండి, మందు వేడెక్కిందో, దీన్ని పట్టుకుపోయి ఇంకో ఊరికి ఇచ్చేస్తా' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. ఎండలు ముదిరాయి, రాత్రిళ్ళు కరెంటు పోతోంది. ముందే బాగా చల్లబడి ఉంటే తెల్లారేదాకా ఆగుతుందిలే అని, నువ్వు వెళ్ళిపోయాక మీట చివరికి తిప్పేవాణ్ణి. పొద్దున్నే నీకన్నా ముందొచ్చి వెనక్కి తిప్పేసేవాణ్ణి, ముట్టుకున్నానని తెలిస్తే కేకలేస్తావని. వరండాకి పరదాలు కట్టామే, ఆ రోజు సాయంత్రం మొదలుపెట్టాను. ఆ తర్వాత సూది పడ్డ పిల్లలందర్నీ పిలువమ్మా. ఇళ్ళన్నీ నాకు తెలుసు, నేనే వెళ్ళి తలుపులు కొడతా. ఏం చేశానో కూడా నా నోటితోనే చెబుతా. మా పాపని తెచ్చిందీ ఆ పరదాలు కట్టాకే. మా కోడలికి ఒంట్లో బాగాలేదంటే నేనే ఎత్తుకొచ్చాను. సూది చూసి గుక్కపట్టింది. 'ఏడవకు తల్లీ, ఇది మీ తాత కాపలా కాసిన మందు' అన్నాను."