కట్టకు ఇరవై అయిదు

ప్రవీణ పంపిన వీడియోను మొదటి వాక్యం దగ్గరే ఆపేశాను. "ఈ లెక్క నాకు మా అమ్మ దేవమ్మ నేర్పింది," అంటోంది. ఆమె ముందు చేటలో బీడీ కట్టలు. కట్టకు ఇరవై అయిదు, నాలుగు కట్టలు వంద. ఒక కట్ట పక్కకు తీస్తే ఇరవై అయిదు శాతం.

ఎనిమిదేళ్ల కింద రాయికల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇద్దరం టీచర్లం, మావి పక్కపక్క తరగతులు. ఆమె ఈ పాఠం చెబుతుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. తరువాత కౌలాలంపూర్‌లోని ఒక అంతర్జాతీయ బడి వాళ్లు ఇంటర్వ్యూలో, "మీరు సొంతంగా తయారు చేసిన పాఠం చూపండి" అన్నారు. బీడీలు బాగుండవని ఐస్‌క్రీం పుల్లలు కట్టలు కట్టి చూపాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అక్కడ కొత్త టీచర్ల శిక్షణలో దాన్ని నా పేరుతో 'ఫిర్దోస్ పద్ధతి' అంటారు. మొదట్లో ఆ మాట వింటే చెవులు వేడెక్కేవి. తరువాత మానేశాయి. భయపడవలసింది ఆ మానేయడానికే.

అదే బడికి ఇప్పుడు ప్రవీణ దరఖాస్తు పెట్టింది. ఎంపిక చేసే ముగ్గురిలో నేనొకదాన్ని. మిగతా ఇద్దరూ సోమవారం వీడియో చూస్తారు. నా పాఠం ఎత్తుకొచ్చిందని ఆమెను తీసేస్తారు.

సెలవుకు కోరుట్ల వచ్చి ఉన్నాను. పాఠం మార్చుకొమ్మని చెప్పడానికే ఆటో ఎక్కి రాయికల్ వెళ్లాను.

దేవమ్మ వాకిట్లో బీడీలు చుడుతోంది. "గిన్నేండ్లకు తొవ్వ దొరికిందా బిడ్డా? మంచిగ తెల్లగైనవ్."

"ఏసీల ఉంట గదవ్వా."

"అయితె నా బిడ్డను గూడ గా ఏసీల కూసోవెట్టు."

ప్రవీణ ఎదురొచ్చింది. "వీడియో చూసినవా అక్కా? ఎట్లుంది?"

"వేరే పాఠం పెడితే మంచిగుంటది."

"గిదాంట్ల తప్పుందా?"

"తప్పేం లేదు. ఊకెనే."

"సరే తియ్. నువ్వు చెప్పినంక ఇంకేంది? రేపే మళ్ల తీస్త."

ఆమె కాదని ఉంటే వాదించేదాన్ని. వాదనలో నా పక్షాన మాటలు దొరికేవి. ఒప్పుకుంది కాబట్టి ఏమీ దొరకలేదు.

"ప్రవీణా, గా పాఠం నాదని చెప్పుకున్న అక్కడ. గట్లనే నౌకరి వచ్చింది."

ఆమె వాళ్లమ్మ చేతిలోని బీడీ వైపు చూసింది. "బీడీలతోనేనా?"

"ఐస్‌క్రీం పుల్లలతోని."

"పుల్లలా!" దేవమ్మ పకపకా నవ్వింది. "గవ్విటిని ఎవ్వలు తాగుతరు?"

ప్రవీణ నవ్వలేదు. "నేను వీడియో మార్చనక్కా. వాళ్లకు నువ్వే చెప్పు. ఇక్కన్నే రాయి, నా ముంగట."

ఫోను తీసి ఆ ఇద్దరికీ మెయిల్ మొదలుపెట్టాను. 'ఎనిమిదేళ్ల కింద నా వల్ల ఒక చిన్న పొరపాటు జరిగింది.'

ప్రవీణ నా భుజం మీదుగా చదివింది. "చిన్నదా?"

ఆ మాట చెరిపాను.

"ఎనిమిదేండ్లు చేస్తె గూడ పొరపాటేనా?"

వాక్యమంతా చెరిపాను. 'ప్రవీణ పాఠాన్ని నేను దొంగిలించాను. ఆమెకు అది వాళ్లమ్మ దేవమ్మ నేర్పింది' అని రాశాను. పక్కన దేవమ్మ ఇరవై అయిదు లెక్కపెట్టి దారం చుడుతోంది.

పంపడానికి వేలు ఆనించాను. ఇంత సూటిగా ఒప్పుకున్నందుకు వాళ్లిద్దరూ నన్ను మెచ్చుకుంటారేమోనని, ఆ క్షణంలో కూడా, లోపల ఏదో ఆశపడుతూనే ఉంది. అది తెలిసే పంపాను.