ఆ జర్మన్ ఆమె

"గిన్నెలు సప్పుడు కాకుండా తోమమ్మా చందనా. గిరి పాట ఇంటాండాడు," అంది మా అత్త రంగనాయకమ్మ.

పొద్దంతా బడిలో లెక్కలు చెప్పి వచ్చిన దాన్ని. కొళాయి సన్నగా తిప్పి, గిన్నెల కింద బట్ట పరిచి తోమాను.

మా ఆయన గిరిధర్ పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. జర్మనీకి శిక్షణకు పంపుతారని ఆ భాష నేర్చుకుంటున్నాడు. మాట పట్టుబడాలంటే పాటలు వినమన్నారట. ఆయనకు పట్టుకున్నది రెండు ప్రపంచ యుద్ధాల మధ్య వచ్చిన ఏదో సినిమాలోని పాట. బొంగురు ఆడగొంతు. పాడుతున్నట్టు కాదు, పక్కన కూర్చుని చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. రోజూ సాయంత్రం హిందూపురంలోని మా ఇంటికి ఆమె వస్తుంది. ఆమె ఉన్నంతసేపు ఆయన్ను ఎవరూ పలకరించకూడదు.

నాకు ఆమె మీద అసూయ. చెప్పుకోవడానికి సిగ్గే. ఫోన్లో ఆమె ఫొటో వెతికాను. గీత గీసినట్టున్న కనుబొమలు, ఎవరినీ ఖాతరు చెయ్యని చూపు. చనిపోయి చాలా ఏళ్లయిందని చదివి హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే వెళ్లి అద్దంలో నా కనుబొమలు చూసుకున్నాను.

ఆ సాయంత్రం గిన్నెలు బోర్లించి కాఫీ తీసుకెళితే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. పోయినేడు ధర్మవరంలో, మా అమ్మావాళ్ల ఇంటి దగ్గరి ఆస్పత్రిలో, ఐదో నెల కడుపు పోయి నేను పడుంటే, ఈయన వచ్చి మంచం పక్కన నిలబడి, "ఊరుకో, అందరూ చూస్తాండారు," అన్నాడు. ఇంటికొచ్చాక ఆ బిడ్డ మాటే ఎత్తలేదు. మగవాళ్లకు ఏడుపు రాదేమోలే అని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వస్తుంది. ఎక్కడో పుట్టి, ఎప్పుడో పోయిన ఆడదాని కోసం వస్తుంది.

"ఏమంటాంది ఆమె?"

"నీకర్థం కాదులే."

"చెప్పండి."

"ఒగే ఇంట్లో ఉండి కూడా మొగుడు తన తట్టు చూడడంట. ఏమైందని ఒగ మాట అడగడంట. పాపం, ఆ గొంతులో ఎంత బాధ ఉండాదో ఇను," అన్నాడు, ఫోన్ మీద నుంచి చూపు తిప్పకుండానే. "కాఫీ ఆడ పెట్టు."

నవ్వొచ్చింది. అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ ఇప్పుడది ఆమె కనుబొమల మీద కాదు. ఆమె చెప్పుకుంది. ఈయన విన్నాడు.

"చందనా, పాలు పొంగుతాండాయి!" వంటింటి దగ్గర నుంచి అత్త కేక.

"మీరు చూసుకోండి అత్తా," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. నేను పాట ఆపి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనతో 'మీరు' అని నోట్లోంచి రాలేదు.

"ఇప్పుడు నాది ఇను గిరీ. తెలుగులోనే చెప్తా."