బాలింత గది

కొల్లేటి గాలి సోకితే పసివాడికి ప్రమాదమని, అమ్మాజీ తల్లి నూకాలమ్మ బాలింత గది కిటికీలో గోనెపట్టా కుక్కింది. కుంపట్లో పిడకలు రాజేసి తలుపు మూసింది. లోపల అమ్మాజీకి కళ్లు మండిపోతున్నాయి. ఒళ్లో బిడ్డ దగ్గి దగ్గి కందిపోతున్నాడు.

"అమ్మా, పొగకేనే వీడికి ఈ దగ్గు! ఏలూరు నర్సమ్మగారు కిటికీ తెరవమన్నారు కదే!"

"ఆవిడకేం తెలుసే? మిమ్మల్నందర్నీ ఈ పొగలోనే పెంచాను," అంది నూకాలమ్మ బయటినుంచి.

అందరూ అంటే బతికిన ఇద్దరు. పోయిన ముగ్గురినీ, ఆవిడ లెక్కలో, కొల్లేటి గాలే పొట్టన పెట్టుకుంది.

బిడ్డ మళ్లీ దగ్గాడు. తలుపు తెరుచుకుంది. అమ్మాజీ ఆశగా తలెత్తింది.

"చూశావా, ఎక్కణ్ణించో గాలి దూరుతోంది," అంటూ నూకాలమ్మ కుంపట్లో మరో రెండు పిడకలు వేసి, వెళ్తూ వెళ్తూ తలుపు కింది సందులో కూడా గుడ్డ కుక్కింది.