ఆరూ పదికి వచ్చే మెసేజ్

ముందే చెప్పేస్తున్నాను, మా అమ్మ దయ్యం కాలేదు. ఆ దయ్యం నేనే. ఈ మాట మా వీధిలో ఎవరికి చెప్పినా నమ్మడం లేదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీరూ నమ్మకపోతే ఇక నా ఖర్మ.

మాది వీధి చివర టైలరింగ్ షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది. నాన్న అదే ఆఫీసులో లైన్‌మన్. ఇప్పుడు నా షాపులో కూర్చుని కాజాలు కుడతాడు. "ఆపరేటరుకీ లైన్‌మన్‌కీ పుట్టిన రాంగ్ నంబరువే నువ్వు" అని అమ్మ నన్ను ఏడిపించేది. ఒకరు చెబితే వినే రకాన్ని కాదులెండి.

మా వీధికి ఫోనులో ఒక గ్రూపుంది. అడ్మిన్లం ఇద్దరం, నేనూ, ఎదురు మందుల షాపాయనా. నీళ్లెప్పుడొస్తాయి, కరెంటెందుకు పోయింది, ఎవరి పిల్లి తప్పిపోయింది, ఇవే అందులో కబుర్లు. మలుపు దగ్గర మురుగుకాలువ మీద సిమెంటు పలక విరిగినప్పటి నుంచి అమ్మ రోజూ పొద్దున్న ఆరూ పదికి అందులో ఒక మెసేజ్ పెట్టేది. "శుభోదయం. పలక విరిగి ఇవాళ్టికి పన్నెండో రోజు. ఇప్పుడే చూసి వచ్చాను. అలాగే ఉంది." మర్నాడు పదమూడో రోజు. తిట్టదు, మొత్తుకోదు. టార్చి పట్టుకుని వెళ్లి, కళ్లారా చూసి వచ్చి, అప్పుడు రాసేది. చూడకుండా ఒక్క ముక్క రాసేది కాదు.

దున్నపోతు మీద వాన కురిసినట్టే. మొదట్లో బొటనవేళ్లు పెట్టారు. తర్వాత నవ్వారు. ఎవడో అమ్మ ఫొటోకి కోడిపుంజు తల తగిలించి స్టిక్కరు చేశాడు. ఆరూ పది దాటగానే గ్రూపునిండా ఆ కోళ్లే. షాపుకొచ్చినవాళ్లు కొలతలిస్తూ "మీ అమ్మగారి కోడి ఇవాళ కూసిందా?" అనేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. అమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "నవ్వనీవే, నవ్వుతూనే చూసి నడుస్తారు" అనేది. అదీ నిజమే, ఆ మెసేజ్ చూసే తల్లులు పిల్లల్ని అవతలి పక్కనుంచి బడికి పంపేవాళ్లు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఎనభై ఎనిమిదో రోజు సాయంత్రం ఇద్దరం కాట్లాడుకున్నాం. "నీతోపాటు నా పరువు కూడా ఎందుకు తీస్తావమ్మా, ఇంక ఆపు" అని అరిచాను. "పలక వేస్తే ఆపేస్తాలే" అని లోపలికి వెళ్లిపోయింది. నేను అడ్మిన్ని కదా, ఒక్క నొక్కుతో అమ్మ నంబరు గ్రూపులోంచి తీసేశాను. కోపం అక్కడితో ఆగిందా? నా ఫోనుకి ఆవిడ విడిగా పంపేవి కూడా మోగకుండా, కంటికి కనబడకుండా ఒక మూలకి తోసేశాను. పక్కగదిలో మనిషికి ఫోనులో మాటలెందుకు, అనుకున్నాను.

తొంభయ్యో రోజు పొద్దున్న నా కత్తిరింపు బల్ల మీద ఎర్ర లైనింగు ముక్క కనబడలేదు. ఎవరు తీశారని ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాను. అప్పుడొచ్చి చెప్పారు. అమ్మ ఆ ముక్కని కర్రకి కట్టి, గోతి పక్కన గుచ్చుదామని వంగిందట. మిగిలిన పలక కూడా ఊడిపోయింది. మా వీధి క్లినిక్ తెరవడానికి వస్తున్న కాంపౌండరు అమ్మ కేక విని, నడుంలోతు మురుగులోకి దిగి, అమ్మని రెండు చేతులతో ఎత్తి బయటపెట్టాడు. తుంటి విరిగింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణం వదిలింది. ఆ పదకొండు రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పోయిన రోజు సాయంత్రమే అమ్మ నంబరుని మళ్లీ గ్రూపులో చేర్చాను. తీసేసింది నేనేనని ఎవరికీ గుర్తు రాకూడదని, అంతే. గ్రూపంతా దండాల బొమ్మలు, పూల బొమ్మలు, కొవ్వొత్తులు. లెక్కపెట్టాను, నూట అరవై మూడు. మర్నాడు తెల్లవారి మలుపు దగ్గరికి వెళ్లి చూస్తే గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఒక కొమ్మ అయినా అడ్డం పెట్టిన నాథుడు లేడు. ఒళ్లు మండిపోయింది. అక్కడే నిలబడి అమ్మ ఫోను తీసి ఆరూ పదికి కొట్టాను. "శుభోదయం. పలక విరిగి ఇవాళ్టికి నూట రెండో రోజు. ఇప్పుడే చూసి వచ్చాను. అలాగే ఉంది."

ఒక్క కోడి కూయలేదు.

మందుల షాపాయన షట్టరు సగం ఎత్తినవాడు అలాగే ఫోను చూస్తూ నిలబడిపోయాడు. పది గంటలకి నలుగురు ఆడవాళ్లు షాపుకొచ్చి "మీ అమ్మగారి ఫోను ఎక్కడుందమ్మా?" అని గుసగుసగా అడిగారు. "అమ్మతోనే పంపేశాం" అన్నాను. అబద్ధం నోట్లోంచి సూదిలో దారంలా జారిపోయింది. నా మనసులో ఉన్నదల్లా రెండు రోజులు భయపెడదామనే. మూడోరోజుకి మున్సిపాలిటీ లారీ వచ్చింది. పలకొక్కటే కాదు, భయం కొద్దీ కాలువంతా తవ్వి కొత్తది కట్టడం మొదలెట్టారు. బతికున్న మనిషి ఎనభై ఎనిమిది రోజులు చెబితే కదలనివాళ్లు, పోయిన మనిషి రెండుసార్లు చెప్పగానే పరిగెత్తుకొచ్చారు.

అక్కడ ఆపాల్సింది. ఎవరో వీడియో చేశారు, "చనిపోయినా వదలని ఆపరేటరమ్మ" అని. చానెల్‌వాళ్లొచ్చి మలుపు దగ్గర మైకు పట్టుకుని వణికినట్టు నటించారు. రెండువందల నలభై మంది గ్రూపు తొమ్మిదివందలైంది. దీపంలేని స్తంభం గురించి రాశాను, వెలిగింది. పగిలిన పైపు గురించి రాశాను, సాయంత్రానికి అతుకు పడింది. అడగడమే మరిచిపోయిన జనం గుంపులుగా వెళ్లి ఆఫీసుల్లో అడగడం మొదలెట్టారు, ముందు అమ్మ ఫొటో పట్టుకుని. అదే కోడి తలకాయ తీసేసిన ఫొటో. నాకు ఎంత గర్వమనుకున్నారు! భయం కూడా వేసేది. అలారం లేకుండానే ఆరింటికి మెలకువ వచ్చేది. వేలు దానంతటదే "ఇప్పుడే చూసి వచ్చాను" అని కొట్టేది. నేను మంచం కూడా దిగి ఉండేదాన్ని కాదు.

అమ్మ ఫోనుకి విడిగా కూడా మెసేజ్‌లు వచ్చి పడేవి. గోడు చెప్పుకునేవాళ్లు, దారి చూపమనేవాళ్లు, "అక్కడ మా ఆయన కనబడ్డాడా తల్లీ" అని అడిగినావిడ. అవన్నీ చదివేదాన్ని. వాటి అడుగున ఎక్కడో నా పేరు కూడా ఉండాలి. అంత కిందికి ఎప్పుడూ జరపలేదు. నా ఫోనులో ఆ మూలకి తోసిన చోట, అమ్మ పేరు పక్కన పచ్చగా రెండు అనే అంకె ఉంది. గ్రూపులోంచి తీసేశాక ఆవిడ నాకు పంపినవి రెండు. తెరిచే ధైర్యం లేదు.

అలాంటి రోజుల్లోనే ఆ ఫొటో వచ్చింది. పంపిందెవరో తెలీదు. క్లినిక్ తలుపుకి తాళం, కింద "తొమ్మిదింటికి కూడా ఇదే సంగతి, కాంపౌండరు ఇంట్లో గురక పెడుతున్నాడు" అని. షాపు మెట్లు దిగి యాభై అడుగులు వేస్తే క్లినిక్. కానీ బడి యూనిఫారాలు నెత్తిమీదున్నాయి. అమ్మని ఎత్తిన చేతులు అతనివని గుర్తులేక కాదు. దయ్యానికి మొహమాటం ఉండకూడదనుకున్నాను. మర్నాడు ఆరూ పదికి ఫొటోతో సహా పెట్టేశాను. "ఇప్పుడే చూసి వచ్చాను. అలాగే ఉంది."

పదింటికల్లా ముప్పై ఫోన్లు అతని ముఖం మీదున్నాయి. గోడకి నిలబెట్టి, ఆపరేటరమ్మ ఫొటోకి దండం పెట్టించి, తప్పయిందని చెప్పించి, ఆ వీడియో ఊరంతా తిప్పారు. నాలుగో రోజుకి అతన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. అతని కూతురు బడి మానేసింది.

ఆ మధ్యాహ్నం నాన్న కాజా కుట్టడం ఆపి, "క్లినిక్ దాకా వెళ్లొచ్చావా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"కాలువ తవ్వారు కదే, ముందు తలుపు దగ్గర నడవడానికి దారి లేదు. నెల్లాళ్లుగా పక్కసందు తలుపులోంచి మందులిస్తున్నాడు. గోడ మీద బాణం గుర్తు వేసి కాగితం కూడా అంటించాడు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మ ఫోను నీ మిషను సొరుగులో చార్జింగుకి పెడుతున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఒక అమాయకుణ్ణి పట్టుకుని ఆ అడుసులో నిలువునా ముంచాను. అదీ మా అమ్మ పేరు చెప్పి.

అప్పటికప్పుడు నా నంబరు నుంచి గ్రూపులో అంతా రాసేశాను. దయ్యం లేదు, అన్నీ రాసింది నేనే, కాంపౌండరు తప్పేమీ లేదు, ఇదిగో అమ్మ ఫోను అని ఫొటో కూడా పెట్టాను. పది నిమిషాల్లో నన్ను చీల్చి చెండాడారు. "పాత ఫోను ఫొటో పెట్టి ఎవర్ని నమ్మిస్తావు?" "కాంపౌండరు నీకేమవుతాడు?" "బతికుండగా తల్లి నోరు మూయించావు, పోయాక కూడా మూయిస్తావా?" అని ఒకావిడ. ఆవిడ జాకెట్టు ఇంకా నా మిషను మీదే ఉంది. ఎనభై ఎనిమిదో రోజు సాయంత్రం నేను అమ్మని తీసేసినట్టు గ్రూపులో చిన్న అక్షరాలతో పడిన వాక్యం కూడా ఎవరో వెతికి తీసి అందరికీ చూపించారు. కాసేపటికి మందుల షాపాయన నన్నే గ్రూపులోంచి తీసేశాడు.

"ఇప్పుడేం చేయను నాన్నా? నేను చెబితే నమ్మరు. అమ్మ చెబితేనే నమ్ముతారు. అమ్మ చెప్పాలంటే, చూడకుండా రాశానని అమ్మ ఒప్పుకోవాలి. జన్మలో ఆ తప్పు చేయని మనిషి!" నాకు ఏడుపు ఆగలేదు.

నాన్న చాలాసేపు సూదిలో దారం ఎక్కించడానికి అవస్థపడ్డాడు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. చివరికి, "ఎక్స్ఛేంజిలో మీ అమ్మ కాల్ కలిపేది, కలిపి తప్పుకునేది. మధ్యలో ఉండి వినడం కూడా తప్పే వాళ్లకి" అన్నాడు. "ఈ ఒక్క కాల్ కలుపు. కలిపి ఆ లైన్లోంచి బయటికి రా. పోయిన మనిషికి పరువుతో పనిలేదు, ఆ పిల్ల బడికి వెళ్లాలి."

మర్నాడు ముందు క్లినిక్ దాకా నడిచాను. పక్కసందు తలుపు చూశాను, బాణం గుర్తున్న కాగితం చూశాను, తడికి దాని అంచులు లేచిపోయాయి. ఆరూ పదికి అమ్మ ఫోనులో రాశాను. "శుభోదయం. కాంపౌండరు తప్పు లేదు. తలుపు పక్కసందులో ఉంది. ఆ రోజు నేను చూడకుండా రాశాను. తప్పు నాది. ఇంక రాయను." పంపించి, ఆ గ్రూపులోంచి అమ్మ నంబరుని బయటికి తీసుకొచ్చేశాను. సొంత తల్లిని రెండోసారి.

దయ్యం మాటకి ఎదురేముంది? పదింటికల్లా అవే ముప్పై ఫోన్లు పూలదండతో కాంపౌండరు గుమ్మం ముందున్నాయి. అతను తలుపు తీయలేదు. సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్లాను. నాకు తీశాడు. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, గట్టిగా తలుపు వేస్తాడనుకున్నాను.

"మీరు రాసినట్టు నాకు ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు. "ఆవిడ నా మీద అలా రాయరు. ఆ గోతిలోంచి ఎత్తుతుంటే, నొప్పితో కళ్లు తేలేస్తూ కూడా నన్ను ఒకటే అడిగారు. గుడ్డ దూరానికి కనబడుతోందా బాబూ, అని."

ఇంటికొచ్చి కత్తిరింపు బల్ల ముందు కూర్చున్నాను. ఎర్రముక్క ఉండాల్సిన చోటు చూస్తూ ఎంతసేపున్నానో తెలీదు. నా ఫోను తీసి, ఆ మూలకి వెళ్లి, అమ్మ పేరు మీద వేలు పెట్టాను.

"శుభోదయం. ఎనభై తొమ్మిదో రోజు. ఇప్పుడే చూసి వచ్చాను. అలాగే ఉంది. గ్రూపుకి వెళ్లడం లేదే, లైను ఎక్కడో తెగినట్టుంది. నువ్వు కాస్త పెట్టు."

"శుభోదయం. తొంభయ్యో రోజు. నిన్న పెట్టడం మర్చిపోయినట్టున్నావు. పిల్లలు బడికి వెళ్లేలోపు గుర్తు కట్టి వస్తాను. నీ బల్ల మీద ఎర్రముక్క తీసుకున్నాను. చెప్పలేదనకు."

ఎవరు తీసేశారో కూడా గ్రూపులో చిన్న అక్షరాలతో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్నా అమ్మకి ఆ అక్షరాలు ఆనేవి కావు. ఆనలేదనే అనుకుంటున్నాను. ఆని ఉండకూడదని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

"చూశానమ్మా" అని కొట్టి పంపాను.

మిషను సొరుగులో అమ్మ ఫోను మోగింది. కాజా కుడుతున్న నాన్న ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఎవరే?"

"రాంగ్ నంబరు నాన్నా" అన్నాను.